పసిడి కొండలు – తోబుట్టువులు

1848వ సంవత్సరము జనవరి నెలలో కాలిఫోర్నియాయందలి యొక రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్ అను వడ్రంగి బంగారు రేకులను కనుగొనెను. ఆ వార్త సముద్రములు దాటెను. దక్షిణ చైనానుండి వేలకొలది బీదలు ఓడలెక్కి వచ్చిరి. 1852లో వచ్చిన చీనావారే 20,000 మందికి తక్కువ లేరు. వారు ఆ సీమకు 'బంగారు కొండ' యని పేరిడిరి. కాని ఆ కొండ వారిని ఆదరింపలేదు. 1850లోనే విదేశీయులైన గనివాండ్రపై నెలకు 20 డాలర్ల పన్ను విధింపబడెను. చీనా కూలీల రాకను నిషేధించుచు 1882లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసెను. 1943 వఱకు అది రద్దు కాలేదు.

ఈ చరిత్ర నేపథ్యముగా సి. పామ్ జాంగ్ 'హౌ మచ్ ఆఫ్ దీజ్ హిల్స్ ఈజ్ గోల్డ్' అను నవలను రచించెను. 'ఈ కొండలలో బంగార మెంత' యని ఆ పేరునకు భావము. రచయిత్రి బీజింగు నగరమున జన్మించి, బాల్యముననే అమెరికా చేరినది. 2020లో వెలువడిన ఈ నవల ఆ యేటి బుకర్ బహుమాన పరిశీలనకు ఎన్నికైన గ్రంథములలో నొకటి.

కథ మరణముతో ప్రారంభమగును. బంగారమునకై తిరిగి తిరిగి, తుదకు బొగ్గుగనిలో కూలియైన తండ్రి ఒక రాత్రి కన్నుమూయును. తల్లి అంతకు పూర్వమే దూరమైనది. మిగిలినవారు ఇరువురు పిల్లలు: పండ్రెండేండ్ల లూసీ, పదునొకండేండ్ల శామ్. లూసీకి చదువు, స్థిరమైన ఇల్లు ప్రియము. శామ్‌కు కొండలు, స్వేచ్ఛ ప్రియము. శామ్ ఆడుబిడ్డగా పుట్టియు, మగవానిగనే బ్రతుకగోరును. తండ్రిని లూసీ భయముతో తలచుకొనును, శామ్ ఆరాధించును. ఇంత భేదమున్నను, తండ్రికి తగినచోట అంత్యక్రియ జరుపవలెనని యిరువురును శవమును పెట్టెలో నుంచి గుఱ్ఱముపై కట్టుకొని బయలుదేరుదురు.

మృతుని కన్నులపై రెండు వెండి నాణెము లుంచిన గాని ఆత్మ శాంతింపదని వారి నమ్మకము. జీవితమంతయు బంగారమునకై నేల త్రవ్వినవాని ఇంట ఆ రెండు నాణెములైనను లేవు. ఈ చిన్న వస్తువులో రచయిత్రి ఆ కుటుంబపు దారిద్ర్యమును, పిల్లల కర్తవ్యమును ఒక్కచోట చూపినది. ఒక వస్తువు తనకంటె గొప్పదైన భావమునకు గుర్తుగా నిలిచినప్పుడు దానిని ప్రతీక యందురు.

పులి మఱియొక ప్రతీక. చీనాదేశమున పులి కీడును పాఱద్రోలు మృగమని ప్రసిద్ధి; పసిపిల్లలకు పులి ముఖపు టోపీలు, చెప్పులు తొడుగుట అక్కడి ఆచారము. ఈ నవలలో తల్లి, చేరిన ప్రతి కొత్త యింటి గడపయొద్దను పులి గుర్తును గీయును. పులులు లేని దేశమున ఆ గీతయే వారి కాపుదల. ఇల్లు మాఱినను గీత మాఱదు.

కొండలలో కనబడు అడవిదున్నల ఎముకలు వేఱొక కథ చెప్పును. అమెరికాలో కోట్లకొలదిగా నున్న ఆ మృగములు 19వ శతాబ్ది చివరకు కొన్ని వందలకు దిగజాఱెను. బంగారమును మాత్రమే చూచు కన్నులకు నేలపైనున్న ప్రాణము కనబడదని ఆ ఎముకలు తెలుపుచున్నవి.

ఇంటిని ఇల్లుగా జేయున దేది? ఈ ప్రశ్న నవలలో మఱల మఱల వినబడును. ఆ కొండలలోనే పెరిగిన తండ్రినికూడ లోకులు ముఖము చూచి పరదేశి యనిరి. చట్టము వారిని తనవారనలేదు. లూసీ, శామ్ కలహింతురు, విడిపోవుదురు, అయిదేండ్లకు మఱల కలిసికొందురు. తుదకు శామ్ తలకెత్తుకొనిన అప్పును లూసీ తనపై వేసికొని, తన స్వేచ్ఛను తాకట్టుపెట్టి, తోబుట్టువును ఓడ యెక్కించును. ఆ ఋణమునకు కారణమైనదియు బంగారమే. దానిని తీర్చినది మాత్రము బంగారము కాదు. తండ్రి కొండలలో వెదకి కనుగొనలేని ధనము ఆయన యింటిలోనే, పోట్లాడుకొను ఇద్దఱు పిల్లల నడుమ ఉండెను.