చివరి చూపు దక్కనివారి కోసం



2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో దఫా వచ్చినప్పుడు ఢిల్లీ శ్మశానాల్లో చోటు చాలక పార్కింగ్ స్థలాల్లోనూ చితులు పేర్చారు. బేర్ సరాయ్ అద్దె గదుల్లో ఉంటున్న మన తెలుగువాళ్లలో కొందరికి ఊళ్లోని కబురు ఫోన్‌లోనే అందింది. ఆ దుఃఖం తీరని ఇళ్లలో ఇప్పటికీ ఒక ప్రశ్న వినిపిస్తుంది: "స్నానం చేయించలేదు, సోహిలా చదవలేదు, చితికి నిప్పు ఎవరో పెట్టారు. మా నాన్నకు దారి దొరికిందా?"

సంగత్ జీ, ఈ నగరంలోనే 1664లో మశూచి ప్రబలింది. ఎనిమిదేళ్లు నిండని గురు హర్‌క్రిషన్ సాహిబ్ రోగులకు సేవ చేసి, అదే జబ్బుతో జ్యోతి జ్యోత్ సమాయించారు. వారికి అంతిమ్ సంస్కార్ జరిగిన చోటే ఈనాటి బాలా సాహిబ్ గురుద్వారా. అంటువ్యాధితో పోవడం పాపఫలం అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇక ఆ ప్రశ్న. 1945 నాటి సిక్కు రెహత్ మర్యాద చదవండి. దహనానికి పగలూ రాత్రీ పట్టింపు లేదు. దహనం కుదరకపోతే మరో విధంగా సాగనంపినా సందేహపడవద్దంది. అస్థికల కోసం గంగకో, కీరత్‌పూర్‌కో పోనక్కర్లేదు. పిండాలు, మైల, సంవత్సరీకం మన చుట్టుపక్కల ఇళ్ల నుంచి వచ్చినవి; అవి జరగలేదని కుమిలిపోకండి. మీ నాన్నగారి దారి ఎవరు నిప్పు పెట్టారన్నదాని మీద ఆధారపడి లేదు.

మరి ఏడవవచ్చా? రామ్‌కలీ సద్‌లో గురు అమర్‌దాస్ జీ తన తర్వాత ఏడుపులు వద్దని, కీర్తన్ చేయమని చెప్పారు. రెహత్ మర్యాద కూడా గుండెలు బాదుకోవద్దంటుంది. నా దృష్టిలో అది కన్నీళ్లకు అడ్డు కాదు. మన మగవాళ్లు కొందరు మాట్లాడకుండా రోజంతా కొలిమి దగ్గరే కూర్చుంటారు. ఏడవలేదని వాళ్లను మెచ్చుకోకండి, పక్కన కూర్చోండి.

సహజ్ పాఠ్ పదో రోజుకు ముగించాలి, కుదరకపోతే బంధువుల వీలు చూసి మరో రోజు పెట్టుకోవచ్చు. ఆనాడు జరగకపోతే ఇప్పుడు మొదలుపెట్టండి, ఇంట్లోనైనా దగ్గరి గురుద్వారాలోనైనా. పాఠ్ చేయడం ఇంటివాళ్ల పని, డబ్బిచ్చి అప్పగించేది కాదు. గురుముఖి రాని అమ్మలు పక్కన కూర్చొని వినండి. అర్దాస్‌లో చెప్పవలసిన పేరు ముందే కాగితం మీద రాసి గ్రంథీ గారికి ఇవ్వండి, ఆ క్షణంలో చాలామందికి గొంతు పెగలదు.