ఈసీజీ కాగితం మీద పది చిన్న గళ్ళు

ఈ హాస్టల్లో చదువుకుని ఇప్పుడు ఆస్పత్రి పనుల్లో ఉన్న మేము కిందటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు, పదో తరగతి తమ్ముడొకడు అడిగాడు: "మా మామయ్యకి టీబీ కదన్నా, గుండె బాగానే ఉంది. మరి ఊరికే ఈసీజీ ఎందుకు తీస్తున్నారు?"

మంచి ప్రశ్న. మామూలు మందులకు లొంగని టీబీకి మన దేశంలో 2016 నుంచి బెడాక్విలిన్ ఇస్తున్నారు. దానికి తోడుగా ఇచ్చే మాక్సిఫ్లాక్ససిన్, క్లోఫాజిమిన్ కూడా గుండె కణాలు విద్యుత్ పరంగా తేరుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. కొట్టుకున్న ప్రతిసారీ కణంలోంచి పొటాషియం బయటికి పోవాలి. ఇలాంటి మందులు ఆ ద్వారానికి అడ్డుపడతాయి. పూర్తిగా తేరుకోకముందే మరో ప్రేరణ వస్తే లయ చెడి, ఈసీజీ గీత తాడు పేనినట్టు మెలికలు తిరుగుతుంది. ఫ్రాన్సు వైద్యుడు డెసర్టెన్ 1966లో దీన్ని వర్ణించి 'టోర్సాడ్ ద పాయింట్' అని పేరు పెట్టాడు. మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. అయితే ఆ ప్రమాదానికి ముందే కాగితం మీద క్యూటీ నిడివి పెరుగుతుంది. డాక్టర్లు వెతికేది దాన్నే.

ఎలా కొలుస్తారు? కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది కనుక ఒక చిన్న గడి 0.04 సెకను. క్యూ మొదలైన చోటు నుంచి టీ ముగిసే దాకా పది గళ్ళుంటే 0.40 సెకను, అంటే 400 మిల్లీసెకన్లు. కానీ గుండె వేగంగా కొట్టుకుంటే క్యూటీ తగ్గాలి. అందుకే రెండు ఆర్‌ల మధ్య కాలంతో సరిచేస్తారు. బజెట్ వర్గమూలంతో, ఫ్రిడెరిసియా ఘనమూలంతో భాగించమన్నారు. రెండు సూత్రాలూ 1920 నాటివే. (వర్గమూలం ఎందుకు పనికొస్తుందని లెక్కల మాస్టారిని సతాయించిన వాళ్ళలో మేమూ ఉన్నాం.)

ఆర్ నుంచి ఆర్‌కి 16 గళ్ళు, అంటే 0.64 సెకను అనుకుందాం. నాడి నిమిషానికి 94. వర్గమూలం 0.8. 0.40ని దానితో భాగిస్తే 500 మిల్లీసెకన్లు! ఘనమూలం 0.862. దానితో భాగిస్తే 464. కాగితం ఒక్కటే, జవాబులు రెండు. 500 దాటితే మందు ఆపాల్సి వస్తుంది. జ్వరంతో, రక్తహీనతతో నాడి వేగంగా ఉండే టీబీ రోగికి బజెట్ లెక్క ఎక్కువ చూపిస్తుంది. బతికించే మందు అనవసరంగా ఆగిపోవచ్చు. అందుకే ఈ చికిత్సలో ఫ్రిడెరిసియా లెక్కే వాడతారు. చాలా యంత్రాలు తమంతట తాము అచ్చువేసేది మాత్రం బజెట్ లెక్క!

తమ్ముడికి ఇంకో మాట కూడా చెప్పాం. వాంతులు, విరేచనాలు అయితే పొటాషియం, మెగ్నీషియం తగ్గి ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు మందుల షాపులో డోంపెరిడోన్ బిళ్ళ కొని వేసుకోకూడదు, అదీ క్యూటీని పెంచేదే. కళ్ళు తిరిగి పడిపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మాత్రలు సొంతంగా మానకూడదు. చికిత్సకు ముందు తీసిన మొదటి ఈసీజీ కాగితం మామయ్య ప్రతిసారీ వెంట తీసుకెళ్ళాలి. దానికంటే 60 మిల్లీసెకన్లకు మించి పెరిగిందా అన్నది ఆ కాగితం లేకుండా తేల్చలేరు.