నీటి మీటరు చెప్పు సంఖ్య, చెప్పని సంగతి

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో నీరు కంటబడని ఊరు లేదు. ప్రకాశం బ్యారేజి వద్ద బయలుదేరిన కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు తెనాలి పట్టణమును చీల్చుకొని, బాపట్ల సీమను తడిపి సముద్రతీరము దాక సాగును. దిగువన రేపల్లె, నిజాంపట్నం వైపు భూగర్భజలము పలుచోట్ల ఉప్పన. పొలములు వదలిన నీరు, ఊళ్ళు వదలిన మురుగు డ్రెయిన్లలో కలిసి కడలిని చేరును. కాలువ, బోరు, మురుగు ఈ మూడును ప్రక్కప్రక్కనే ఉన్న నేల ఇది. ఇట్టిచోట నీటి గుణమును కొలుచు పరికరములను గూర్చి సైన్సు విద్యార్థులే గాక తక్కినవారును కొంత ఎరిగియుండవలెనని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

రంగు, రుచి, వాసనలను బట్టి నీటిని నిర్ణయించుట ప్రాచీన పద్ధతి. అపరిశుద్ధ వస్తువు కలిసి ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినను ఆ నీరు వుజూకు పనికిరాదని ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు తీర్మానించిరి. మన ఉర్దూ మాధ్యమ విద్యార్థులకు ఇది చిన్ననాటి పాఠమే. కాలువ నీరు బురదగా ఉన్నప్పుడు కుండలో ఇండుపగింజ అరగదీసియో, పటిక త్రిప్పియో తేర్చుకొనుట మన పల్లెల అలవాటు. ఈ తెలివిని మేము తక్కువ చేయబోము. అయితే కంటికిని, ముక్కుకును, నాలుకకును అందని దోషము మిగిలిపోవును. 2018 మార్చి నెలలో గుంటూరు ఆనందపేట పరిసరములలో అతిసారము ప్రబలి పలువురు మరణించిరి. త్రాగునీటి గొట్టములలో మురుగు కలియుటయే అందుకు కారణమని ఆనాడు వెల్లడియైనది. మన పట్టణములకు కూతవేటు దూరమున జరిగిన ఈ సంఘటనను మనసులో నుంచుకొని పరికరములను పరిశీలింతము.

నేడు ఇంటింట కనబడునది కలము వంటి చిన్న టి.డి.యస్. మీటరు. నీటిలో కరిగిన లవణములన్నింటి మొత్తమును ఇది చూపునని ప్రతీతి. నిజమునకు అది కొలుచునది లవణములను కాదు, విద్యుత్తు ఆ నీటిగుండా ఎంత సులువుగా ప్రవహించుచున్నదో ఆ వాహకతను మాత్రమే. వచ్చిన విలువను ఒక గుణకముతో హెచ్చించి మిల్లీగ్రాములుగా చూపును. లీటరు నీటిలో గ్రాము ఉప్పు వేసిన సంఖ్య వేయి వరకు ఎగబ్రాకును. అదే నీటిలో చెంచాడు పంచదార కలిపి చూడుడు, మీటరు ఉలకదు, పలకదు. పంచదారకు విద్యుత్తును మోయు అయానులు లేవు గదా!

ఇక్కడ ఒక లెక్క వేయుట మంచిది. లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణములు గల మంచినీటిలో, 800 మిల్లీగ్రాములు గల మురుగునీరు నూటికి ఒక వంతు కలిసినదనుకొందము. మిశ్రమము 305 అగును. మీటరు చూచినవాడు ఈ 5 అంకెల తేడాను పట్టించుకొనడు. కాని శుద్ధిచేయని మురుగు 100 మిల్లీలీటర్లలో కోలిఫారం సూక్ష్మజీవులు పది లక్షలకు తక్కువ కాకుండ ఉండుట సామాన్యము. నూటికి ఒక వంతు చొప్పున మన గ్లాసులోనికి 100 మిల్లీలీటర్లకు 10,000 చేరును. భారత ప్రమాణము ఐ.యస్. 10500 ప్రకారము త్రాగునీటిలో అవి ఒక్కటియు కనబడరాదు. ఇక రేపల్లె వైపు ఒకానొక లోతు బోరు నీటికి మీటరు 1,500 చూపవచ్చును, అందు రోగక్రిములు లేకపోవచ్చును. ఆ ప్రమాణమే 500 వరకు మంచిదనియు, వేరు ఆధారము లేనిచోట 2,000 వరకు అనుమతింపవచ్చుననియు చెప్పుచున్నది. అనగా మీటరు నిరపాయమన్న నీరు ప్రాణము తీయవచ్చును. అపాయమన్న నీరు నాలుకకు మాత్రమే చేదు కావచ్చును.

ఇంటికి వచ్చి నీటిలో రెండు కడ్డీలుంచి విద్యుత్తు పంపి, గోధుమరంగు మడ్డిని చూపి భయపెట్టు అమ్మకందార్లు కలరు. ఆ మడ్డి చాలవరకు కడ్డీలోని ఇనుము కరిగి వచ్చినదే. లవణములు తీసివేసిన నీటిలో విద్యుత్తు సాగదు కనుక అది తేటగా నిలుచును. బి.యస్సీ. విద్యార్థి ఆ గారడిని చూచి నవ్వవలెనే గాని బెదరరాదు.

మరి మురుగును పట్టియిచ్చు పరీక్ష ఏది? మా దృష్టిలో మొదటి స్థానము క్లోరిన్ పరీక్షకే చెందును. శుద్ధిచేసిన నీటిలో కొంత క్లోరిన్ మిగిలియుండునట్లు కలుపుదురు. కుళాయి వద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గరాదు. మన పట్టణములలో నీరు వేళ ప్రకారము వదలుదురు. వదలని వేళ గొట్టములో ఒత్తిడి పడిపోవును. పగులున్నచోట ప్రక్క కాలువలోని మురుగు లోనికి చొచ్చును. అందలి సేంద్రియ పదార్థము క్లోరిన్‌ను హరించును. కాబట్టి ట్యాంకు వద్ద క్లోరిన్ ఉండి, చివరి వీధి కుళాయిలో లేకున్నచో నడుమ ఏదో జరిగినదని అనుమానింపవలెను. పూర్వము క్లోరోస్కోపులో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి పసుపురంగును పోల్చుకొనెడివారు. ఆ ద్రవము ఆరోగ్యమునకు హానికరమని తేలుటచే ఇప్పుడు గులాబిరంగు నిచ్చు డి.పి.డి. మాత్రలను వాడుట మేలు. ఒక నిమిషపు పని, చదువురాని వారును రంగు పోల్చగలరు.

రెండవది హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా. 1982లో మంజా ప్రభృతులైన మన దేశ శాస్త్రజ్ఞులే ప్రకటించిన పద్ధతి ఇది. మందు పూసిన కాగితముగల సీసాలో నీరు పోసి వెచ్చగా ఉంచిన, మలసంబంధమైన క్రిములున్నచో 24 నుండి 48 గంటలలో నల్లబడును. సహజముగ సల్ఫైడు గల బోరునీటిలో ఇది పొరపాటుగ నల్లబడవచ్చును గనుక తీరప్రాంతమున జాగ్రత్త అవసరము.

పి.హెచ్. మీటరును గూర్చి విద్యార్థులకు చెప్పవలసినది కొద్ది. గాజు ఎలక్ట్రోడు ఎండిపోరాదు. 4, 7 విలువలుగల బఫరు ద్రావణములతో సరిచూడకుండ చదివిన సంఖ్యకు విలువ లేదు. టర్బిడిటీ మీటరు నీటి మురికిని కాంతి చెదరుటను బట్టి తెలుపును. బురద కణముల చాటున క్రిములు క్లోరిన్‌కు చిక్కవు, అందువలన తొలి వరదనీరు వచ్చు దినములలో ఈ మీటరు మాట వినవలెను.

మురుగునీటి విషయమున కొలత మారును. ఇక్కడ ప్రశ్న ఆ నీరు ఎంత ప్రాణవాయువును హరించునన్నది. దానినే బి.ఓ.డి. అందురు. ఇంగ్లండులో 20 డిగ్రీల వద్ద 5 దినములుంచి కొలిచెడివారు. అచ్చటి నదులు ఐదు దినములలోపల సముద్రము చేరునని ఆ గడువు పెట్టిరని చెప్పుదురు. మన వాతావరణమునకు తగినట్లు భారత ప్రమాణము 27 డిగ్రీల వద్ద 3 దినములని నిర్ణయించినది. శుద్ధిచేసి వదలు మురుగులో ఇది లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటరాదని నియమము. మూడు దినములు ఆగలేనివారికి డైక్రోమేటుతో రెండు గంటలలో ముగియు సి.ఓ.డి. పరీక్ష కలదు.

నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల రైతులు కరిగిన ప్రాణవాయువు మీటరును మనకంటె బాగుగ ఎరుగుదురు. తెల్లవారుజామున ఆ సంఖ్య మిక్కిలి తగ్గునని వారికి అనుభవమే. ఒక్క మెలకువ చెప్పదగియున్నది. 27 డిగ్రీల వద్ద మంచినీరు లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు, సముద్రపు నీరు సుమారు 6.5 మిల్లీగ్రాములు మాత్రమే పట్టును. ఉప్పు శాతమును మీటరులో సరిచేయనిచో అది లేని ప్రాణవాయువును ఉన్నట్లు చూపును.

కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటి. ఖరీదైన యంత్రములు ఇప్పుడే అక్కరలేదు. ఒక డి.పి.డి. పెట్టె, కొన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు, ఒక నోటుపుస్తకము ఇప్పించినచో చాలును. హాస్టలు ట్యాంకు, వంటశాల కుళాయి, పంపు చిట్టచివర నున్న వీధి కుళాయి, ఈ మూడుచోట్ల వారమునకొకసారి చూతుము. వేసవిలో కాలువలు కట్టివేసి తిరిగి వదలిన వారములోను, తొలివానలు పడిన వారములోను ప్రతిదినము చూతుము. పుస్తకములో తేదీ, వేళ, స్థలము, క్లోరిన్, సీసా రంగు, చూచినవారి సంతకము ఉండును. మూడవ చోట క్లోరిన్ సున్నా వచ్చిననాడు ఆ పుట ప్రతిని అదే పూట మునిసిపల్ కార్యాలయమునకు పంపుదుము. నీరు కాచి త్రాగుడని వంటశాల తలుపుమీద ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి అంటింతుము.