పెద్దయ్యాక బయటపడే పుట్టు లోపం: పోలండ్ సిండ్రోమ్

పేరు చూసి ఇది పోలండ్ దేశపు జబ్బు అనుకోవద్దు. 1841లో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో ఆల్‌ఫ్రెడ్ పోలండ్ అనే వైద్య విద్యార్థి ఒక ఖైదీ శవాన్ని కోసి పరిశీలించాడు. ఒకవైపు ఛాతీ కండరాలు చాలావరకు లేవు. అదే వైపు చేతివేళ్లు చర్మంతో అతుక్కుని ఉన్నాయి. చూసినది చూసినట్టు రాసిపెట్టాడు. 1962లో అదే ఆసుపత్రి సర్జన్ పాట్రిక్ క్లార్క్‌సన్ దానికి ఆయన పేరు పెట్టాడు.

సుమారు 30 వేల జననాలకు ఒకటి అని సాధారణంగా చెబుతారు. మగవారిలో, కుడివైపు ఎక్కువ.

పెద్దయ్యేదాకా ఎందుకు తెలియదు? మిగతా కండరాలు పని సర్దుకుంటాయి. మనిషి బరువులు కూడా మోస్తాడు. చెయ్యి కాస్త చిన్నది, వేళ్లు అతుకు అని ఇంట్లో ఒక మాట. ఛాతీ ఒకవైపు అణిగింది అని ఇంకో మాట. రెండూ ఒకే వైపున ఉన్నాయని కలిపి చూసేవారు ఉండరు. రోగ నిర్ధారణ అంతా ఆ కలిపి చూడటంలోనే ఉంది. కొందరిలో చేతికి ఏ లోపమూ ఉండదు, అప్పుడు మరీ కష్టం.

బడిలో పాఠం చెప్పినట్టే చెబుతాం. చొక్కా విప్పి, అద్దం ముందు నిలబడి, రెండు చేతులూ నడుముపై పెట్టి గట్టిగా నొక్కాలి. చంక ముందువైపు కండరం తాడులా లేస్తుంది. లోపం ఉన్నవైపు అది లేవదు. ఆడపిల్లల్లో ఆ వైపు రొమ్ము సరిగా ఎదగదు. సిగ్గుతో ఎవరికీ చెప్పరు. ఎక్స్‌రేలో ఆ వైపు ఊపిరితిత్తి మరింత నల్లగా కనబడి, అక్కడే జబ్బుందన్న అనుమానం రావచ్చు. సీటీ లేదా ఎమ్మారై తీస్తే ఏ కండరం ఉందో, ఏది లేదో తేలుతుంది.

గర్భంలో ఆరో వారం ప్రాంతంలో ఆ వైపు రక్తప్రసరణ తగ్గడమే కారణమని వైద్యుల అభిప్రాయం. చాలావరకు ఇది వంశపారంపర్యం కాదు. గ్రహణంనాడు కత్తి పట్టిందని తల్లిని దెప్పడం మన వీధుల్లో ఇప్పటికీ వింటున్నాం. ఆ తల్లికి ఈ ఒక్క ముక్క తెలిసినా ఎంత ఊరటో!

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల పుట్టు లోపాలను 18 ఏళ్ల వరకే చూస్తుంది. వేళ్లు విడదీసే ఆపరేషన్‌కు చిన్నతనమే అనువు కాబట్టి పిల్లల్ని అక్కడికి పంపుదాం. ఆ వయసు దాటిన కూలివాడికి స్కానింగ్ ఖర్చు, పట్నం చార్జీలు ఎవరిస్తారు? దాతలను మేమడిగేది అదే. ఛాతీ సరిచేయడానికి వీపు కండరాన్ని ముందుకు తెచ్చే పద్ధతి ఉంది. మూటలు మోసి బతికేవాడు మాత్రం దానివల్ల వీపు బలం ఎంత తగ్గుతుందో సర్జన్‌ను ముందే అడగాలి.