కొసముడి విప్పే వేళ

క్రోమోజోము కొసనుండే టెలోమియర్‌ను బూటు లేసు చివరి తొడుగుతో పోల్చడం రివాజు. నాకా పోలిక అంతగా నచ్చదు. తొడుగు ఎప్పుడూ తొడుగే. టెలోమియర్ వేళనుబట్టి తెరుచుకొని మూసుకుంటుంది.

మన కణాల్లో ఈ కొస చిట్టచివర డి.ఎన్.ఏ. ఒంటిపోగుగా మిగులుతుంది. అది బయటికి కనబడితే, తెగిన డి.ఎన్.ఏ. అనుకుని కణం ఇంకో క్రోమోజోముకు అతికించేయగలదు! అందుకని టి.ఆర్.ఎఫ్.-2 అనే ప్రొటీను ఆ పోగును వెనక్కి మడిచి, కొంగు నడుముకు దోపినట్టు, జంటపోగుల మధ్యకు దోపుతుంది. 1999లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఈ మడతను చూశారు.

మరి విభజనకు ముందు డి.ఎన్.ఏ.కి నకలు తీయాలంటే? మడత విప్పాలి గదా. విప్పే ఎంజైము ఆర్.టి.ఇ.ఎల్.-1. మామూలు వేళల్లో టి.ఆర్.ఎఫ్.-2లోని 365వ సెరీను మీద ఒక ఫాస్ఫేటు ఉంటుంది. విభజన గడియారాన్ని నడిపే సి.డి.కె. ఎంజైములే దాన్ని అంటిస్తాయి. అదున్నంతసేపూ విప్పే ఎంజైముకు అక్కడ చోటు దొరకదు. నకలు తీసే ఎస్-దశలో మాత్రం పి.పి.-6 అనే ఇంకో ఎంజైము వచ్చి ఫాస్ఫేటును ఊడదీస్తుంది. పని కాగానే మళ్ళీ ఫాస్ఫేటు, మళ్ళీ మడత. 2019లో తేలిన సంగతి ఇది.

ఒక్క ఫాస్ఫేటే గదా అనకండి. అది అసలు లేకపోతే మడత వేళకాని వేళ విడిపోయి, డి.ఎన్.ఏ. తెగిందని కణం గగ్గోలు పెడుతుంది. పోకుండా ఉండిపోతే విప్పే ఎంజైము రాలేదు; కత్తిరించే ఎంజైములు మడతను మడతగానే కోసేస్తాయి, టెలోమియర్ ఒక్కసారిగా పొట్టిదైపోతుంది. ఆర్.టి.ఇ.ఎల్.-1 జన్యువు చెడి పుట్టిన పిల్లల్లో కొందరికి ఎముక మజ్జ రక్తకణాలను తయారుచేయలేక చతికిలబడుతుంది.