మూలబడిన కంప్యూటరు – గ్రామ విద్యార్థికి లినక్సు విద్య

గ్రామము విడిచి పట్టణమున సాంకేతిక కళాశాలలో చేరిన విద్యార్థి మొదటి సంవత్సరముననే కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయవలసి వచ్చుచున్నది. అంతవరకు కీబోర్డును తాకి యెరుగని బాలబాలికలు ఆ తరగతిలో వెనుకబడుట బుద్ధి చాలక కాదు, అభ్యాసము లేక. ఈ లోటును స్వల్పవ్యయముతో తీర్చుటకు పంచాయతీ సభ్యులు చేయదగిన పని యొకటి కలదు. దానినే ఇచట వివరింపదలచితిమి.

కంప్యూటరు పనిచేయుటకు దానిని నడిపించు మూల ప్రోగ్రాము కావలెను. అట్టివానిలో లినక్సు ఒకటి. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయమందు చదువుకొనుచుండిన 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్ దీనిని ప్రారంభించెను. తాను వ్రాసినదానిని దాచుకొనక లోకమునకిచ్చెను. దీనిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును, చదివి చూడవచ్చును, మార్చి పదిమందికి పంచవచ్చును. ఇతర ఉపకరణములు కూడ చేర్చి సిద్ధపరచిన ఉబుంటు, డెబియన్, లినక్సు మింట్ మొదలగు కూర్పులు లభించుచున్నవి. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో ఏండ్ల తరబడి లినక్సు మీదనే కంప్యూటరు విద్య నేర్పుచున్నారు.

విండోస్ 10నకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11నకు తగని పాత యంత్రములను పారవేయ నక్కరలేదు. 4 జీబీల మెమరీ గల యంత్రముపై లినక్సు మింట్ చక్కగా నడచును. దానిని ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, ముందుగా అందుండియే నడిపి చూడవచ్చును.

ఒక హెచ్చరిక. లినక్సును యంత్రమున స్థాపించునపుడు డిస్కులోని పాత సమాచారము తుడిచిపెట్టుకొనిపోవచ్చును. కావున పన్నుల లెక్కలు, జనన మరణముల వివరములు గల కార్యాలయపు కంప్యూటరును ఇందుకు వాడరాదు. వేరొక యంత్రమునే ఎంచుకొనవలెను. అది ప్రభుత్వపు ఆస్తి యైనచో అధికారుల అనుమతి పొందవలెను.

విద్యార్థి మొట్టమొదట నేర్వదగినది టెర్మినల్. అందు ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయవలెను. పంచాయతీ దస్త్రముల బీరువాను ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ‘పి-డబ్ల్యు-డి’ అన్నచో మనము ఏ అరలో నున్నామో తెలియును. ‘ఎల్-ఎస్’ అన్నచో ఆ అరలోని దస్త్రముల పేర్లు కనబడును. ‘ఎమ్-కె-డి-ఐ-ఆర్’ కొత్త అరను చేయును. ‘సి-డి’ వేరొక అరలోనికి తీసికొనిపోవును. ‘ఆర్-ఎమ్’ దస్త్రమును తొలగించును; అట్లు పోయినది సులభముగా తిరిగి రాదు గనుక దానిని జాగ్రత్తగా వాడవలెను.

పిదప పైథాన్ అను భాషతో ప్రోగ్రాములు ఆరంభింపవచ్చును. పైని చెప్పిన మింటులో అది ముందుగానే యుండును; అభ్యాసమునకు ఇంటర్నెట్టు అక్కరలేదు. మొదటి పాఠము ఊరి పనినుండియే తీసికొనుట మేలు. స్థలము ఎన్ని చదరపు గజములో అడిగి, ఆ సంఖ్యను 48.4తో భాగించినచో సెంట్లు, 121తో భాగించినచో గుంటలు వచ్చును. 484 గజములకు 10 సెంట్లు, 4 గుంటలు. నాలుగైదు వరుసలలో ఈ ప్రోగ్రాము ముగియును. తాను టైపు చేసినది సంఖ్య యని తెలుపుట విద్యార్థి మరచినచో, యంత్రము దానిని వట్టి అక్షరములుగా నెంచి భాగింప నిరాకరించును. తప్పు ఏ వరుసలో నున్నదో కూడ చూపును. ఆ తప్పును తానే చదివి, తానే దిద్దుకొనుటయే ఈ విద్యలో ప్రధానాంశము.

కావున సభ్యులు సమకూర్చవలసినవి మూడు: ఒక యంత్రము, విద్యుత్తు గల గది, వంతుల పట్టిక. ఒక్కొక్కరికి వారమునకు రెండు గంటలైనను దక్కవలెను. బాలికల వంతులు ప్రొద్దుగ్రుంకక మునుపే ముగియునట్లు చూడవలెను. కళాశాలలో చదువుచున్న ఊరి యువకులను, యువతులను సెలవులలో నేర్పుడని కోరవలెను. చెడునేమో యను భయముతో యంత్రమునకు తాళము వేసినచో ఉపయోగము లేదు. పాడైన లినక్సును అదే పెన్‌డ్రైవుతో తిరిగి స్థాపింపవచ్చును; వెనుకబడిన విద్యార్థికి పోయిన సంవత్సరమును తిరిగి తెచ్చుట ఎవరి తరము?