చెక్క పెంచాక ఆవు కుంటుతోంది

ప్రశ్న: మా హెచ్‌ఎఫ్ సంకర ఆవు ఈని రెండు నెలలైంది. పాలు పెరగాలని పత్తిచెక్క, మొక్కజొన్న పిండి బాగా పెంచాం. ఇప్పుడు వెనక కాలు కుంటుతోంది, పాలూ తగ్గాయి. చెక్క వేడి చేసిందంటున్నారు. నిజమేనా?
– ఒక పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: వేడి కాదండీ. ముందు అనుమానించాల్సింది మొక్కజొన్న పిండిని. అది ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో పులుపు పెరిగి, గిట్ట లోపలి మెత్తని పొర దెబ్బతింటుంది.

చెక్క సంగతి వేరు. అందులోని మాంసకృత్తుల్లో చాలా భాగం పొట్టలో అమ్మోనియాగా మారుతుంది. అక్కడి సూక్ష్మజీవులు వాడుకోగా మిగిలింది కాలేయంలో యూరియాగా మారి, ఎక్కువగా మూత్రంలో పోతుంది. మీరు చెక్కకు పెట్టిన డబ్బూ దాంతోనే పోతుంది. ఇక ఆ మూత్రం, పేడ కలిసిన బురదలో నిలబడితే గిట్ట నానిపోతుంది. కాలెత్తి మడమ వైపు చూడండి, గిట్ట పైపొర గుంటలు పడి చిట్లి ఉండొచ్చు.

నొప్పి వల్ల ఆవు మేత దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. తిండి చాలక తన కండనే కరిగించుకుంటుంది. పాలు తగ్గాయని ఇంకా చెక్క వేస్తే లాభం లేదు.

పిండి తగ్గించండి. ముందు చొప్ప, తర్వాతే దాణా, అదీ మూడు నాలుగు విడతలుగా పెట్టండి. కొట్టం పొడిగా ఉంచండి. గిట్టల మధ్య కడిగి రాయి, మేకు గుచ్చుకుందేమో చూడండి. పుండు లేకపోతే లీటరు నీటికి 50 గ్రాముల మైలుతుత్తం కలిపి కాళ్లు ముంచండి. ఆ నీళ్లు పశువులు తాగకుండా చూడండి.

కాలు మోపకపోయినా, వాపు, దుర్వాసన, జ్వరం ఉన్నా, మేత మానేసినా ఆ రోజే పశువైద్యుణ్ని పిలవండి, లేదా 1962కు ఫోన్ చేయండి. సొంతంగా ఇంజెక్షన్లు వేయించకండి.